సూట్‌కేసులో పట్టని సామాను

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఈ వేసవిలో అత్తగారినీ మామగారినీ తీసుకుని నేపాల్‌లో ముక్తినాథ్ వెళుతోందట. "అక్కా, నువ్వు వెళ్లొచ్చావుగా! ఏమేం సర్దుకోవాలో లిస్టు రాసి పంపవా?" అంది. "పంపుతాగానీ, మొత్తం ఎన్ని రోజులు?" అన్నాను. "నేను బట్టల గురించి అడుగుతుంటే నువ్వు రోజులు లెక్కపెడతావేంటి?" అని నవ్వింది.

నేనూ ఒకప్పుడు అలాగే నవ్వినదాన్నే.

మా ఇంట్లో ప్రయాణం అనగానే ముందుగా కదిలేది మనుషులు కాదు, అటక మీది సూట్‌కేసులు. వాటిని దింపి, దుమ్ము దులిపి, హాల్లో వరసగా నోళ్లు తెరిచి పెడతాం. ఇక బయలుదేరే రోజు దాకా అటుగా వెళ్లిన ప్రతివాళ్లూ చేతిలో ఉన్నదేదో ఒకటి అందులో పడేసి పోతుంటారు. తిరుపతికైనా ఇంతే, ఢిల్లీకైనా ఇంతే. 2018 దసరా సెలవుల్లో ముక్తినాథ్‌కీ అంతే.

ఆ ప్రయాణం మా అత్తయ్యగారి కోసం. ఆవిడకి అప్పుడు 68 ఏళ్లు. వైష్ణవులు చెప్పుకునే 108 దివ్యదేశాల్లో భూమ్మీద ఉన్నవి 106. మన తెలుగునేల మీద తిరుమల, అహోబిలం. దేశం సరిహద్దు దాటి ఉన్నది ఒక్క ముక్తినాథే. అత్తయ్యగారి దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. చూసి వచ్చిన క్షేత్రం పక్కన ఎర్ర ఇంకుతో తారీఖు వేసుకుంటారు. ముక్తినాథ్ పేరు పక్కన గడి ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉంది.

సర్దడంలో మేం ఏ లోటూ చేయలేదు. చలికాలం రాగానే మన ఊళ్లలో రోడ్డు పక్కన రాశులు పోసి అమ్ముతారే, ఆ ఉన్ని స్వెట్టర్లు మనిషికి రెండు. మంకీ క్యాపులు, శాలువాలు, రగ్గులు. పులిహోర పొడి, కందిపొడి, ఆవకాయ సీసా, చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు, అయిదు కిలోల బియ్యం. వాటికితోడు మా ఆయన పెట్టించిన గొడుగులు నాలుగు. అన్నీ కలిపి మూడు పెద్ద సూట్‌కేసులు, రెండు సంచులు. రోజులు మాత్రం ఆరే. మా ఆయనకి సెలవు దొరికింది అంతే, మావాడి కోచింగ్ క్లాసులు మళ్లీ మొదలయ్యేది ఆ వారమే. "ఆరు రోజుల్లో అన్నీ చూపించేస్తాం" అని ట్రావెల్స్ వాళ్లు కూడా భరోసా ఇచ్చారు.

మూడోరోజు తెల్లవారకముందే పోఖరాలో జీపు ఎక్కాం. పోఖరా ఎత్తు 800 మీటర్ల పైచిలుకు. బేనీ, తాతోపానీ, మార్ఫా, జోమ్‌సోమ్ దాటుకుంటూ కాళీగండకీ నది వెంబడి ఎముకలు కదిలిపోయే దారిలో పడి, రాత్రికి ముక్తినాథ్ గుడి కింద ఉన్న రాణీపౌవా ఊరు చేరాం. అక్కడి ఎత్తు 3,700 మీటర్లు. తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరాలే 1,700 మీటర్లకు లోపు ఉంటాయి. అంటే ఒక్క పగటిలో దాదాపు మూడు కిలోమీటర్లు నిట్టనిలువుగా పైకి పోయామన్నమాట. ఆ లెక్క మాలో ఒక్కరమూ వేసుకోలేదు.

ఆ రాత్రి నుంచే మొదలైంది. అత్తయ్యగారు తలనొప్పి అన్నారు. "రోజంతా జీపు కుదుపులు కదా" అన్నాం. అన్నం వద్దన్నారు. "వికారంగా ఉంటుందిలెండి" అని గ్యాస్ మాత్ర ఇచ్చాం. రెండుసార్లు వాంతి చేసుకున్నారు. రాత్రంతా కన్ను మూయలేదు. తెల్లారి మంచం దిగి నిలబడబోతే పడవలో ఉన్నట్టు ఊగిపోయారు. చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికి చేతులు మాట వినడం లేదు. మేం ఆవిడ మీద ఇంకో రగ్గు కప్పాం. మా దగ్గర రగ్గులకు కొదవ లేదు మరి!

వేడినీళ్లు తెచ్చిన లాడ్జి యజమానురాలు ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూసింది. చేతిలోని కెటిల్ కింద పెట్టేసి, వచ్చీరాని హిందీలో "కిందికి తీసుకుపొండి. ఇప్పుడే" అంది. "దర్శనం చేసుకుని..." అని మా ఆయన నసిగారు. "దర్శనం తర్వాత. ముందు కిందికి" అందామె. జీపు డ్రైవరు కూడా అదే మాట అన్నాడు.

గది కిటికీలోంచి చూస్తే గుడికి వెళ్లే దారి కనిపిస్తోంది. అరగంట నడక. అయినా జీపు ఎక్కి వెనక్కి దిగాం. జోమ్‌సోమ్ దాటాక అత్తయ్యగారు కళ్లు తెరిచారు. తాతోపానీ చేరేసరికి కాఫీ అడిగారు. మాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆవిడ కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి ఒకే మాట అన్నారు. "పోనీలే, ఆయన పిలవలేదు. అంతే."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయన పిలిచాడు. అరగంట దూరం దాకా రప్పించుకున్నాడు కూడా. రెండు రోజులు ఎక్కువ పెట్టుకోనిది మేము.

ఇంటికొచ్చాక మా డాక్టరుగారు అంతా విని తల పట్టుకున్నారు. ఆయన చెప్పిన విషయం చిన్నదే, ముందే తెలుసుకోవాల్సింది. కొండల మీద గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. ముక్తినాథ్ ఎత్తులో ఆ ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువే. అంటే ఇక్కడ మూడు ముద్దలు తినేవాడికి అక్కడ రెండే పెడుతున్నట్టు. ఒంటికి ఆ రెండింటితో సర్దుకోవడం చేతనవును. ఊపిరి వేగం పెంచుకుంటుంది, రక్తంలో మార్పులు చేసుకుంటుంది. కానీ దానికి రోజులు కావాలి. స్వెట్టరు తొడిగినంత మాత్రాన ఆ పని జరగదు.

ఇబ్బంది సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటికి, రేపు రాత్రి పడుకోబోయే చోటికి మధ్య 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదని పర్వత వైద్యుల మాట. పగలు ఎంత ఎత్తుకు వెళ్లినా, రాత్రికి కిందికొచ్చి పడుకోవడం మేలు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, నిద్ర పట్టకపోవడం తొలి హెచ్చరికలు. అవి కనిపిస్తే ఇంకో అడుగు పైకి వేయకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తూలుతున్నా, మాట తడబడినా అది ప్రాణం మీదికొచ్చినట్టే. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడు వాయడం ఇలాగే మొదలవుతాయి. అప్పుడు అసలు మందు ఒక్కటే, వెంటనే కిందికి దిగడం. అర్ధరాత్రయినా సరే, గుడి ఎదురుగా ఉన్నా సరే. లాడ్జి యజమానురాలు ఏ పుస్తకం చదవకుండానే చెప్పింది అదే.

పెద్దవాళ్లకే ఇలా అవుతుందనుకుంటే పొరపాటు. ఇరవయ్యేళ్ల కుర్రాడు, రోజూ జిమ్‌కి వెళ్లేవాడు కూడా తల పట్టుకుని కూర్చోవచ్చు. తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకి 13 ఏళ్ల 11 నెలలు. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్. భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో నెలల తరబడి తర్ఫీదయిన గట్టి పిల్లలు. వాళ్లు కూడా ఆ కొండ మీద మెట్టు మెట్టుకీ ఆగి, వారాల తరబడి ఒంటిని అలవాటు చేసుకున్నాకే శిఖరం వైపు కదిలారు. వాళ్లకే వారాలు పట్టిందంటే, లిఫ్టులో మూడో అంతస్తుకెళ్లే మనమెంత?

తర్వాత కరోనా వచ్చి ఎక్కడి వాళ్లం అక్కడే ఉండిపోయాం. 2023 అక్టోబరులో, అత్తయ్యగారికి 73 ఏళ్లప్పుడు మళ్లీ బయలుదేరాం. ఈసారి సూట్‌కేసుల కంటే ముందు క్యాలెండరు దింపాం. "రెండు రోజులు ఖాళీగా కావాలి" అన్నాను. ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. చివరికి కఠ్మాండూలో షాపింగ్ రోజు నేను వదులుకున్నాను. మా ఆయన ఆఫీసులో మరో రోజు సెలవు అడిగారు. వినడానికి తేలికే గానీ, ఆ రెండు రోజులు సంపాదించడం మూడు సూట్‌కేసులు సర్దడం కంటే కష్టమైంది.

రెండోది డాక్టరుగారి దగ్గరికి వెళ్లడం. బీపీ, గుండె, షుగరు పరీక్షలన్నీ నెల ముందే చేయించాం. ఎత్తుకు అలవాటు పడటంలో సాయపడే ఎసిటజోలమైడ్ మాత్ర ఆయనే రాసిచ్చారు. ఇది పక్కింటివాళ్లు వాడారని మనమూ కొనుక్కుని వేసుకునే మందు కాదు. సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ముందే చెప్పాలి. వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ బాత్‌రూముకి వెళ్లాల్సి వస్తుంది. తెలియక కంగారుపడకూడదు. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర మింగడం, చలి అని మందు కొట్టడం రెండూ అక్కడ చేటు. కర్పూరం మూట కట్టి వాసన చూస్తే ప్రాణం హాయిగా ఉండొచ్చుగానీ రక్తంలో ఆక్సిజన్ పెరగదు. చేతిలో పట్టే చిన్న ఆక్సిజన్ డబ్బాలూ అంతే. కాసేపు ఊరటనిస్తాయి, కిందికి దిగాల్సిన అవసరాన్ని తప్పించవు.

ఇక సామాను. మొదటిసారి మోసుకెళ్లిన దాంట్లో సగం ఇంట్లోనే వదిలేశాం. లావు స్వెట్టర్లు రెండు బదులు పొరలు పొరలుగా వేసుకునే బట్టలు నయం. ఒంటికి ఆనుకుని థర్మల్స్, దాని మీద ఉన్ని, పైన గాలిని ఆపే జాకెట్టు. ఎండెక్కితే ఒక్కొక్కటీ తీసేయొచ్చు. నూలు బట్ట చెమట పీల్చి ఆరదు కాబట్టి లోపలి పొరకి అది పనికిరాదు. అత్తయ్యగారు చీర మానలేదు. లోపల థర్మల్స్, మేజోళ్లు, కాళ్లకి బూట్లు, పైన జాకెట్టు. అద్దంలో చూసుకుని "పోలీసు ఇన్‌స్పెక్టర్‌లా ఉన్నాను" అని ఆవిడే నవ్వుకున్నారు. మంకీ క్యాపుని మాత్రం ఎవరూ వెక్కిరించకండి. జోమ్‌సోమ్‌లో పొద్దెక్కాక కాళీగండకీ లోయలో లేచే గాలిని చూసినవాళ్లు దానికి దణ్ణం పెడతారు. ఆ గాలివల్లే పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి వచ్చే చిన్న విమానాలు ఉదయం పూటే తిరుగుతాయి. వాతావరణం బాగోకపోతే అవీ ఉండవు. ఖాళీ రోజులు చేతిలో ఉండాలనడానికి ఇదొక కారణం. అన్నట్టు, మా గొడుగులు నాలుగూ మొదటిసారే ఆ గాలికి వెనక్కి తిరిగిపోయాయి.

చలి గురించే ఆలోచించి ఎండని మర్చిపోతాం. ఎత్తుకి వెళ్లేకొద్దీ అతినీలలోహిత కిరణాలు వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున పెరుగుతాయి. చల్లగా ఉంది కదా అనుకుంటుండగానే మొహం కమిలిపోతుంది. సన్‌స్క్రీన్, నల్లకళ్లద్దాలు, పెదాలకి వ్యాజలిన్ షోకు కోసం కాదు, అవసరానికి.

వంటిల్లు మోసుకెళ్లకండి. ఆ ఎత్తులో నీళ్లు 87, 88 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంతసేపు మరిగినా అంతకంటే వేడెక్కవు. అందుకే మొదటిసారి మా ఎలక్ట్రిక్ కుక్కర్లో పప్పు గంటసేపు కుతకుతలాడి కూడా గులకరాళ్లలా మిగిలింది. అక్కడివాళ్లు ప్రెషర్ కుక్కర్లో వండిన దాల్‌భాత్ దారిపొడుగునా దొరుకుతుంది. అన్నం, పప్పు, ఆకుకూర, మారు వడ్డన కూడా. తెలుగువాడికి ఇంకేం కావాలి? పొడుల పొట్లాలు రెండు చాలు. ఆవకాయ మాత్రం సీసాలో వద్దు. కింద మూత బిగించిన సీసాకి పైకి పోయేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి, లోపలి గాలి నూనెని తోసుకొస్తుంది. మొదటిసారి మా ఆయన గుడి కోసం దాచుకున్న తెల్ల పట్టుపంచె ఆవకాయ రంగుకి మారింది అలాగే!

కరోనాలో కొన్న పల్స్ ఆక్సీమీటరు మీ సొరుగులో మూలుగుతూనే ఉంటుంది. కొత్త సెల్ వేసి తీసుకెళ్లండి. కానీ ఇంట్లో 98 చూపించేది అక్కడ ఎనభైల్లోకి దిగితే గుండె బాదుకోకండి. ఆ ఎత్తులో అది మామూలే. అంకె బాగుందని మనిషిని పట్టించుకోకపోవడం కూడా తప్పే. ముందు మనిషిని చూడాలి, తర్వాతే అంకె. రోజూ వేసుకునే మందులు, పవర్‌బ్యాంకు చేతిసంచీలోనే ఉండాలి. చలికి సెల్‌ఫోన్ చార్జింగ్ త్వరగా దిగిపోతుంది. రాత్రి రగ్గులో పెట్టుకుని పడుకోండి. విమానంలో నేపాల్ వెళ్లే పెద్దవాళ్ల దగ్గర పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ ఒక్కటే నమ్ముకోకండి. ప్రయాణ బీమా తీసుకుంటే ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుందో చిన్న అక్షరాల్లో చదవండి.

ఈసారి మొదటి రాత్రి తాతోపానీలో, ఆ తర్వాతి రెండు రాత్రులు 2,700 మీటర్ల ఎత్తులో ఉన్న జోమ్‌సోమ్‌లో పడుకున్నాం. మధ్యలో రోజంతా ఏ పనీ లేదు. మార్ఫా వెళ్లి యాపిల్ తోటలు చూశాం, నీళ్లు తాగాం, మెల్లగా నడిచాం. మావాడు "ఇంత డబ్బు పెట్టి ఖాళీగా కూర్చోవడానికా వచ్చింది?" అని గొణిగాడు. అవును నాయనా, అందుకే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పైకి వెళ్లాం. అత్తయ్యగారు కొంత దూరం గుర్రం మీద, చివరి మెట్లు నడిచి ఎక్కారు. పది మెట్లకోసారి ఆగారు. గుడి వెనక గోడకి వరసగా 108 ధారలు, ఎద్దు ముఖాల్లోంచి పడుతుంటాయి. మావాడు కేకలు పెడుతూ వాటి కింద పరిగెత్తాడు. పొడి బట్టలు, తువ్వాలు కింద జీపులో కాకుండా చేతిసంచీలోనే ఉండటం ఆ క్షణంలో ఎంత పనికొచ్చిందో! తడి ఒంటితో అక్కడ రెండు నిమిషాలు నిలబడినా పళ్లు టకటకలాడతాయి. అత్తయ్యగారిని స్నానం వద్దన్నారు డాక్టరుగారు. ఆవిడ ఒక్కో ధార దగ్గరా ఆగి, వేళ్లు తడిపి నెత్తిన చల్లుకుంటూ 108 కూడా పూర్తి చేశారు. నేను వేలికి ఆక్సీమీటరు పెడితే 86 చూపించింది. "86 మార్కులా? డిస్టింక్షనే!" అన్నారు. మధ్యాహ్నానికల్లా దిగి, రాత్రికి జోమ్‌సోమ్‌లోనే పడుకున్నాం. ఆవిడ రెండుసార్లు దాల్‌భాత్ వేయించుకున్నారు.

ఇంటికొచ్చాక నోటుపుస్తకంలో ఆ గడిలో ఎర్ర ఇంకుతో తారీఖు పడింది. "చూశావా, ఈసారి పిలిచాడు" అన్నారు అత్తయ్యగారు. "పిలిచాడత్తయ్యా" అన్నాను. అంతకుముందూ పిలిచాడని నేను చెప్పలేదు.

పిన్ని కూతురికి లిస్టు పంపాను. మొదటి అంకె వేసి "ఖాళీ రోజులు రెండు" అని రాసి, తర్వాత మందులు, బట్టలు, మంకీ క్యాపు వగైరా. అరగంటలో ఫోన్ చేసింది. "రెండు నుంచి ఇరవై దాకా అన్నీ సుల్తాన్‌బజార్లో దొరుకుతాయక్కా. ఆ మొదటిదే ఎక్కడ దొరుకుతుందో తెలియడం లేదు" అంది.

"మీ ఆయన ఆఫీసులో అడిగి చూడు. అక్కడ లేకపోతే ప్రయాణం దసరాకి వాయిదా వెయ్యి" అన్నాను. కాసేపు అవతలి నుంచి మాట లేదు. తర్వాత "టికెట్లు ఇంకా తీయలేదులే" అంది.

అమ్మయ్య అనుకున్నాను. సగం సర్దడం అయిపోయినట్టే.